సంతకానికి ముందు చోటు చూడాలి: సందేహాలు - సమాధానాలు

ఫ్యాక్టరీల్లో, కరెంటు స్తంభాల మీద, ట్యాంకుల లోపల, ఎత్తుల్లో పనిచేసేవారి నుంచీ వాళ్ళ ఇంటివాళ్ళ నుంచీ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. చాలామంది పేరు వేయవద్దని కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: అచ్యుతాపురం దగ్గర ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజర్‌ని. వెల్డింగ్ చేయాలన్నా, రియాక్టర్‌లోకి మనిషిని దింపాలన్నా పర్మిట్ కావాలంటారు. పొద్దున ఎనిమిదికి ఫారం ఇస్తే పదిన్నరకు చేతికొస్తుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి తన గదిలోంచి కదలకుండానే గళ్ళన్నీ టిక్కు పెట్టి సంతకం చేసేస్తారు. ఈలోపు మా మనుషులు ఖాళీగా కూర్చుంటారు, కాంట్రాక్టరు నా మీద విరుచుకుపడతాడు. ఈ కాగితం వల్ల నిజంగా ఒరిగేదేమిటండీ?

జవాబు: గదిలో కూర్చుని సంతకం చేసిన కాగితం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా నష్టం. అది చేతిలో ఉంటే, ఎవరో చూసే ఉంటారన్న ధీమాతో మీ మనుషులు లోపలికి దిగుతారు.

పర్మిట్ అంటే ఇద్దరి మధ్య అప్పగింత. ప్లాంటు నడిపే మనిషి, 'ఈ రియాక్టర్‌కు వచ్చే లైన్లన్నీ విడదీశాను, లోపల కడిగాను, గ్యాస్ చూశాను, ఇదిగో నీకు అప్పగిస్తున్నాను' అంటాడు. పని చేయించే మనిషి, 'ఈ పని ఒక్కటే, ఇన్ని గంటల దాకా, ఇంతమందితో చేసి తిరిగి అప్పగిస్తాను' అంటాడు. ఈ మాటలు రియాక్టర్ పక్కన నిలబడి, వేలుపెట్టి చూపించుకుంటూ అనుకోవాలి. కాగితం ఆ మాటలకు రుజువు మాత్రమే.

ఆ మాటలు జరగకపోతే ఏమవుతుందో 1988 జులై 6 రాత్రి ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద తేలింది. అక్కడ ఒకే పనికి రెండు కండెన్సేట్ పంపులుండేవి. వాటిలో ఒక పంపు లైను మీద ఉండే సేఫ్టీ వాల్వును పరీక్ష కోసం ఆ పగలు విప్పి, ఖాళీ అయిన చోట తాత్కాలికంగా ఒక ప్లేటు బిగించారు. సాయంత్రానికి పని పూర్తి కాలేదు. పర్మిట్‌ను కంట్రోల్ రూములో పెట్టి వెళ్ళారు తప్ప, వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టువారికి ఎవరూ నోటితో చెప్పలేదు. రాత్రి పదవుతుండగా రెండో పంపు ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నవాళ్ళు కాగితాలు వెతికితే మొదటి పంపు ఓవర్‌హాలింగ్‌కు రాసిన ఇంకో పర్మిట్ దొరికింది. ఆ పని ఇంకా మొదలే కాలేదు కాబట్టి పంపు నడపవచ్చనుకున్నారు. వాల్వు పర్మిట్ వాళ్ళ కంట పడలేదు. పంపు ఆన్ చేశారు. వాల్వు లేని చోటునుంచి గ్యాస్ కారి పేలింది. 167 మంది చనిపోయారు. గమనించండి, అక్కడ కాగితం రాశారు, సంతకాలూ ఉన్నాయి. పనిచేసిన షిఫ్టు మనిషి వచ్చిన షిఫ్టు మనిషిని పంపు దగ్గరికి తీసుకెళ్ళి చూపించలేదు, అంతే.

ఇక మీ రియాక్టర్ సంగతి. సంతకం చేసే ముందు ఆయన్ని చోటుకు రమ్మని అడగండి. అక్కడ చూడవలసినవి ఇవి. వాల్వు మూయడం విడదీయడం కిందికి రాదు, ఎందుకంటే మూసిన వాల్వు సీటు అరిగి కారుతుంది. ఫ్లాంజి మధ్య బ్లైండు ప్లేటు వేశారా, లేక పైపు ముక్కే తీసేశారా అన్నది కంటికి కనిపించాలి. అజిటేటర్ మోటారు బ్రేకర్‌కు తాళం పడి, ఆ తాళంచెవి లోపలికి దిగే మనిషి జేబులో ఉండాలి. గ్యాస్ మీటర్ రీడింగ్ మ్యాన్‌హోల్ మూతి దగ్గర తీసి ఊరుకుంటారు చాలాచోట్ల. సాల్వెంట్ ఆవిర్లు గాలికంటే బరువు, అడుగున పరుచుకుని ఉంటాయి. కాబట్టి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా గొట్టం దింపి చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 దాటకూడదు.

మందుల ప్లాంట్లలో అన్నిటికంటే నాకు భయం నైట్రోజన్. రంగు లేదు, వాసన లేదు. దాని మధ్య రెండు మూడుసార్లు ఊపిరి పీలిస్తే మనిషి కుప్పకూలతాడు. ఊపిరాడనప్పుడు మనకు ఆయాసం తెలిసేది లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల. నైట్రోజన్‌లో అది పేరుకోదు, ఆయాసమే రాదు. అందుకని నైట్రోజన్ లైను విడదీశారని మీ కళ్ళతో మీరు చూడనిదే ఎవరినీ దించకండి.

రెండున్నర గంటల ఆలస్యానికి మందు వేరే ఉంది. రేపటి ప్రమాదకరమైన పనుల జాబితా ఈ సాయంత్రమే షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇవ్వండి. బ్లైండ్లు, కడగడం రాత్రి షిఫ్టులో అయిపోతే పొద్దున మిగిలేది చోటు చూడడం, గ్యాస్ చూడడం. మీ కాంట్రాక్టరుకూ ఇదే చెప్పండి. తొందర ఉంటే ముందు రోజు పడాలి.

ప్రశ్న: జూనియర్ లైన్‌మన్‌ని, నల్గొండ జిల్లా. జంపర్ తెగిందని, కరెంటు లేదని ఊళ్ళోంచి ఒకటే ఫోన్లు. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఎల్సీ తీసుకుని స్తంభం ఎక్కేస్తాం. ఎర్త్ రాడ్లు వేసి తీసే టైములో పనే అయిపోతుంది గదా అంటారు సీనియర్లు. ఎల్సీ ఉంటే చాలదా సార్?

జవాబు: చాలదు తమ్ముడూ. ఎల్సీ, లైన్ క్లియర్ అంటే సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడర్ బ్రేకర్ తీశామన్న మాట. నువ్వు పట్టుకోబోయే వైరులో కరెంటు లేదన్న హామీ కాదు. ఆ వైరులోకి కరెంటు వచ్చే దారులు ఇంకా ఉన్నాయి.

మొదటిది మనుషుల దారి. ఒకే 11 కేవీ ఫీడర్ మీద రెండు చోట్ల ఇద్దరు ఎల్సీ తీసుకుంటారు. ఒకరి పని ముందయిపోతుంది. 'అన్నా, అయిపోయింది, చార్జి చేసెయ్' అని ఫోను వస్తుంది. అప్పటికి ఆపరేటర్ షిఫ్టు మారి ఉంటే, రెండోవాడు స్తంభం మీద ఉన్నాడని కొత్తగా వచ్చినతనికి ఎలా తెలుస్తుంది? లాగ్‌బుక్‌లో రాసి ఉంటేనే తెలుస్తుంది. అందుకని ఎల్సీ ఎంత చిన్న పనికైనా రాతలో, నంబరుతో ఉండాలి. ఫీడర్ పేరు నువ్వు చెప్పు, ఆపరేటర్ తిరిగి చదివి వినిపించాలి. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి, నీ ఎల్సీని నీ బదులు ఇంకెవరూ రిటర్న్ చేయకూడదు.

రెండోది ఇళ్ళ దారి. కరెంటు పోగానే రైసుమిల్లులో, ఫంక్షన్ హాల్లో జనరేటర్ వేస్తారు. చేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కుతుంది. నీ ట్రాన్స్‌ఫార్మర్ పదకొండు వేల వోల్టులను ఇంటి వోల్టేజికి దించినట్టే, కిందనుంచి వచ్చే 230ని మళ్ళీ వేల వోల్టులకు పెంచి పైకి పంపిస్తుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసి ఉన్నా నువ్వు ముట్టుకున్న వైరు చంపుతుంది. ఇవికాక, ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు వెళ్ళేచోట, పైన ఇంకో లైను దాటేచోట ప్రమాదం వేరే ఉంది.

వీటన్నిటికీ ఒకే రక్షణ ఎర్త్ రాడ్డు. ముందు ఏబీ స్విచ్ తీశాక తలెత్తి చూడు, మూడు బ్లేడ్లూ విడిపోయాయా? తుప్పు పట్టిన స్విచ్‌లో హ్యాండిల్ కిందికి వచ్చినా ఒక బ్లేడు అతుక్కుని ఉండిపోతుంది. తర్వాత టెస్టర్‌తో చూడు, దానికంటే ముందు ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటున్న లైను మీద చూసుకో. ఆ తర్వాత నువ్వు పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు వెయ్యి. భూమి వైపు క్లాంపు మొదట బిగించాలి, లైను వైపుది తర్వాత. తీసేటప్పుడు లైను వైపుది మొదట, భూమి వైపుది చివర. ఇది తారుమారైతే రాడ్డు పట్టుకున్న నువ్వే ఎర్త్ అవుతావు.

రాడ్లు సెక్షన్ ఆఫీసులో మూల పడి ఉండి, నీ బండి మీద లేకపోతే, ఆ తప్పు నీది కాదు. ఏఈకి రాతపూర్వకంగా అడుగు. ఊరివాళ్ళకు నా విన్నపం కూడా ఇక్కడే: లైన్‌మన్ స్తంభం మీద ఉన్నప్పుడు పదేపదే ఫోన్ చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మీరే వేసుకోవాలని చూడకండి.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో మా అపార్ట్‌మెంట్‌కు నేను కార్యదర్శిని. సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. లారీ మా గల్లీలోకి రావడం లేదు. ఇద్దరు కుర్రాళ్ళు దిగి శుభ్రం చేస్తామంటున్నారు. దీపం దించి చూసి, ఆరకపోతేనే దిగుతారట, ఎన్నో ట్యాంకులు చేశారట. వాళ్ళు ఇష్టపడే దిగుతున్నప్పుడు అసోసియేషన్‌కు ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: దించకండి. మీ ఉత్తరంలో మొదట నన్ను కలవరపెట్టింది దీపం. పాత బావుల్లో దిగేవాళ్ళూ ఇదే చేస్తారు. దీపం ఆరిందంటే ఆక్సిజన్ చాలా తగ్గిందని అర్థం, అంతవరకే నిజం. ఆరకపోతే గాలి మంచిదని కాదు. సెప్టిక్ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణం తీసే మోతాదులో ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ఆ దీపమే ట్యాంకును పేలుస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పది లక్షల్లో వంద వంతులకు, అంటే వంద పీపీఎంకు చేరేసరికి ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. లోపలివాడు వాసన తగ్గిందనుకుంటాడు, నిజానికి గ్యాస్ పెరిగింది. ఐదారు వందలు దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. ఇంకో సంగతి: ఈ వాయువు అడుగున బురదలో చిక్కుకుని ఉంటుంది. దిగకముందు మీటర్ బాగానే చూపించవచ్చు. పారతో కదిలించిన క్షణాన బుడగలుగా పైకి లేస్తుంది. అందుకని దిగేముందు ఒక్కసారి చూస్తే సరిపోదు, పని జరిగినంతసేపూ మీటర్ లోపలే ఉండాలి.

ఆ తర్వాత జరిగేది మనం వార్తల్లో చదువుతూనే ఉన్నాం. ఒకడు పడిపోతాడు, అన్నో తమ్ముడో వాణ్ణి లాగడానికి దిగి తానూ పడిపోతాడు, మూడోవాడు కేకలకు పరుగెత్తుకొచ్చి దిగుతాడు. ఇలాంటి మూసిన చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా రక్షించబోయినవాళ్ళేనని అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. కడుపు తరుక్కుపోయే లెక్క అది. పక్కవాడి కోసం ప్రాణం పెట్టే గుణమే వాళ్ళను చంపింది. ఎక్కడైనా అలా జరిగితే లోపలికి దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి. బయటినుంచి బ్లోయర్‌తో గాలి కొట్టండి, ఫైర్‌వాళ్ళను పిలవండి. ముందే నడుముకు బెల్టు, తాడు, పైన త్రిపాది, కప్పీ ఉంటే తప్ప మనిషిని వెలికి తీయలేం.

చట్టం విషయం. మురుగుకాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దిగినవాడి ఇష్టంతో నిమిత్తం లేదు, దింపినవాడిదే నేరం. అలా చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో పది లక్షలుగా నిర్ణయించింది, 2023 అక్టోబరు తీర్పులో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. మనుషుల్ని ఇలా దించడం ఆగాలన్న పోరాటాన్ని దశాబ్దాలుగా నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర సఫాయి పనివారి ఇంట పుట్టిన తెలుగువాడు. మీ గల్లీలో ఆ ఇద్దరు కుర్రాళ్ళ ప్రాణాలకు మీరు సంతకం చేయకండి.

లారీ గల్లీ చివర ఆగినా ఇంకో పైపు జోడించి లాగవచ్చు, చిన్న బండ్లూ దొరుకుతాయి. పారిశుద్ధ్య హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేసి అడగండి. ఖర్చు ఫ్లాట్లవారీగా పంచుకుంటే ఎవరికీ భారం కాదు. పనిలో పనిగా ట్యాంకు మూత బరువుగా, తాళం వేసేలా మార్పించండి, పిల్లలు తిరిగే చోటు.

ప్రశ్న: మా ఆయన విజయవాడ ఆటోనగర్‌లో వెల్డరు. పాత డీజిల్ ట్యాంకర్లకు చిల్లులు పడితే అతుకులు వేస్తారు. ట్యాంకర్ ఖాళీదే కదా, భయమెందుకంటారు. నాకు మనసొప్పడం లేదండీ.

జవాబు: మీ భయమే సరైనదమ్మా. నిండుగా ఉన్న ట్యాంకర్ కంటే ఖాళీది ప్రమాదం. మండేది డీజిల్ ద్రవం కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. నిండు ట్యాంకులో ఆ ఆవిరికి చోటుండదు, ఖాళీ ట్యాంకు నిండా అదే. మన దేశంలో డీజిల్ ఫ్లాష్ పాయింటు, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే వేడి, 35 డిగ్రీలకు తగ్గకూడదన్నది ప్రమాణం. బెజవాడ ఎండాకాలంలో ఆరుబయట నిలబెట్టిన ట్యాంకర్ రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. నీళ్ళతో కడిగేశాం అన్నా, తుప్పు పొరల్లో, అతుకుల సందుల్లో దాగిన డీజిల్ టార్చి వేడికి ఆవిరై బయటికొస్తుంది. ట్యాంకర్ లోపల మూడు నాలుగు అరలుంటాయి. పని చేసే అర కడిగి, పక్క అర మూత తీసి కూడా చూడరు. చాలా ప్రమాదాలు ఆ పక్క అరలోంచి వస్తాయి.

ఆవిరి గొట్టంతో అన్ని అరలూ కడిగించాలి, మూతలన్నీ తెరవాలి, గ్యాస్ మీటర్‌తో చూపించాలి. లేదంటే అతుకు వేసే చోటి దాకా నీళ్ళు నింపి, ఖాళీగా మిగిలే చోటును వీలైనంత తగ్గించి పని చేయాలి. మండే పదార్థం నిల్వ ఉన్న ట్యాంకును ఆవిర్లు పూర్తిగా తొలగించకుండా వెల్డింగ్ చేయకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఇంకొకటి ఆయన్ని తప్పక అడగండి: ట్యాంకులో ఉక్కగా ఉందని ఆక్సిజన్ పైపు లోపలికి వదులుకుంటున్నారా? కొందరికి ఆ అలవాటుంది. ఆక్సిజన్ పట్టిన చొక్కా ఒక్క నిప్పురవ్వకు ఒళ్ళంతా మండిపోతుంది. చల్లదనానికి ఫ్యానే వాడాలి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి సౌదీలోని జుబైల్ వచ్చి షట్‌డౌన్ పనుల్లో పరంజా కడుతున్నాను. నాలుగు మీటర్ల ఎత్తులో కూడా హార్నెస్ వేసుకోమంటారు. వేసుకుంటే ఇక భయం లేనట్టేనా?

జవాబు: వేసుకోవడం సగమే, కొక్కెం ఎక్కడ తగిలించారన్నది మిగతా సగం. మీ తాడు 1.8 మీటర్లు, పడ్డప్పుడు షాక్ అబ్జార్బర్ విడివడి ఇంకో మీటరు పైచిలుకు సాగుతుంది, వీపు మీది రింగు నుంచి కాళ్ళ దాకా మీటరున్నర, పైన ఒక మీటరు జాగ్రత్తకు. కొక్కెం తగిలించిన చోటు నుంచి కింద నేల దాకా సుమారు ఐదున్నర మీటర్ల ఖాళీ ఉండాలి. నాలుగు మీటర్ల వేదిక మీద కాళ్ళ దగ్గరి పైపుకు తగిలిస్తే, తాడు బిగిసేలోపే మీరు నేలను తాకుతారు. తల పైన తగిలించండి, లేదా పొట్టిగా లాగి పట్టే రకం అడగండి. పరంజా కట్టేవాళ్ళు కాబట్టి రెండు కొక్కేల తాడు తప్పనిసరి, ఒకటి బిగించాకే రెండోది విప్పాలి. పడి వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి, తొడల దగ్గర పట్టీలు నొక్కి రక్తం పైకి రాదు. ఎలా దించుతారో పని మొదలుకాక ముందే మీ ఫోర్‌మన్‌ను అడగండి.

ప్రశ్న: పని ప్రమాదకరంగా ఉందనిపిస్తే చేయనని చెప్పవచ్చా? కాంట్రాక్టు లేబర్‌ని. మర్నాడు గేటు పాసు ఉండదేమోనని భయం. పాశమైలారం.

జవాబు: ప్రమాదం ఉందని చెప్పవచ్చు. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రాణహాని పొంచి ఉందనిపించినప్పుడు యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కును ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసే కార్మికులకు ఇచ్చారు. మేనేజర్ వెంటనే సరిచేయాలి. ప్రమాదం లేదనుకుంటే సంగతి ఇన్‌స్పెక్టర్‌కు పంపాలి, ఆయన మాటే ఆఖరు. తర్వాత తెచ్చిన 2020 కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది.

గేటు పాసు భయం ఉత్త భయం కాదని నాకు తెలుసు. అందుకని ఒక్కరే వెళ్ళి 'నేను చేయను' అనకండి. మీ గ్యాంగులో ముగ్గురు నలుగురు కలిసి, ఏం కావాలో స్పష్టంగా అడగండి: 'గ్యాస్ రీడింగ్ చూపించండి, దిగుతాం', 'బ్రేకర్‌కు తాళం వేయండి, చేస్తాం'. ఇలా అడిగితే పని ఎగ్గొట్టారనే మాట ఎవరూ అనలేరు. సేఫ్టీ ఆఫీసర్ రిజిస్టర్‌లో తేదీతో రాయించండి. మేనేజర్లకు నేను చెప్పేది ఒకటే. మీ ప్లాంటులో ఈ నెల ఒక్క పనీ ఆగలేదంటే అంతా బాగుందని సంతోషించకండి. అడగడానికి జనం భయపడుతున్నారేమో కనుక్కోండి.

ప్రశ్న: రామగుండంలో అప్రెంటిస్‌ని. బాయిలర్ డ్రమ్ము లోపల పనికి మామూలు 230 వోల్టుల హాలోజన్ లైటు వాడవచ్చా?

జవాబు: వద్దు. మూసిన చోట్ల చేతి లైట్లకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెట్టిన హద్దు 24 వోల్టులు. చుట్టూ ఇనుము, ఒళ్ళంతా చెమట, వంగి కూర్చున్న మనిషి, వైరు తొడుగు ఎక్కడైనా చిట్లితే తప్పించుకునే దారి లేదు. వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెను డ్రమ్ము బయటే ఉంచాలి, లోపలికి తెస్తే 230 వైరూ వెంట వచ్చినట్టే. మండే ఆవిర్లు ఉండే వెసెల్ అయితే ఫ్లేమ్‌ప్రూఫ్ లైటు. గ్రైండర్ వాడక తప్పకపోతే 30 మిల్లీఆంపియర్లకు ట్రిప్పయ్యే ఈఎల్‌సీబీ మీదుగా కనెక్షన్ తీసుకోవాలి, ఆ రోజే దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. భోజనానికి పైకి వచ్చేటప్పుడు గ్యాస్ కటింగ్ టార్చిని పైపులతో సహా బయటికి లాగేయండి, అరగంటలో నాబు సందులోంచి కారిన గ్యాస్ చాలు. తిరిగి దిగేముందు మళ్ళీ మీటర్ పెట్టి చూసి, ఆ టైము పర్మిట్ మీద రాయించండి.